గడప దించిన ఇల్లు

చంద్రభాగక్క గురించి ఎవరు మాట్లాడినా ముందు ఆమె పడిన సంగతే ఎత్తుకుంటారు. నాకు ఒళ్లు మండుతుంది. పడకముందు ఆమె నలభై ఏళ్లు నడిచింది. ఆ నడక ఎవరికీ అక్కర్లేదు. నేను మాత్రం నడక దగ్గరే మొదలుపెడతాను. తొందరున్నవాళ్లు తమ పని చూసుకోవచ్చు, నేనేమీ అనుకోను.

జోడ్‌భావి పేట్‌లో మా గల్లీలో ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు ఒదిగి నిలబడాల్సిందే. ఆ రోజుల్లో మగ్గం చప్పుడు వింటే అది ఎవరి ఇల్లో కళ్లు మూసుకుని చెప్పగలిగేవాళ్లం. మా గోడకు అవతల చంద్రభాగక్క భర్త నర్సప్ప బావ చేతిమగ్గం. కాసేపు ఆడేది, ఆగేది. ఆగిందంటే చాయ్ పెట్టమని అర్థం. “బావ నేసేది చద్దరా, చాయా?” అని నేను గోడ మీదుగా అరిచేదాన్ని. ఆయన మళ్లీ మగ్గం ఆడించేవాడు. ఆ చప్పుడు ఇప్పుడు లేదు. పవర్లూములొచ్చి అన్ని ఇళ్లకూ ఒకటే మోత పెట్టాయి.

మధ్యాహ్నం దాటగానే బీడీకట్టల బుట్టలు చంకన పెట్టుకుని ఆడవాళ్లందరం కార్ఖానాకు బయలుదేరేవాళ్లం. ముందు చంద్రభాగక్క, వెనక మేము. ఆమె నడుస్తుంటే మేము ఉరకాల్సి వచ్చేది. “ఏందే కమలా, కాళ్లకు మేకులు దిగినయా? జల్ది నడువు,” అని వెనక్కి తిరగకుండానే అనేది. దారిలో కూరగాయలమ్మితో మరాఠీ, బస్సు కండక్టరుతో హిందీ, మాతో తెలుగు, అన్నీ ఒక్క ఊపిరిలోనే. మా తాతలు ఎప్పుడో సిరిసిల్ల దిక్కు నుంచి మగ్గాలు మోసుకుని ఈ మరాఠీ ఊరికి వచ్చినవాళ్లు. ఆ ఊరు మాలో ఎవరూ చూడలేదు గానీ ఆమె మాట వింటే ఆ ఊరి గాలి తగిలేది.

ఒక వేసవిలో ఉరుము లేని మబ్బు పట్టింది. రేకుల మీద ఆరబెట్టిన తునికాకు తడుస్తుందని చంద్రభాగక్క నిచ్చెనెక్కింది. నిచ్చెన జారింది. ఇక ఆ సంగతి పొడిగించను. వెన్నుపూస దెబ్బతిన్నదనీ, నడుము కింద పట్టు ఇక రాదనీ పెద్దాసుపత్రిలో చెప్పేశారు.

ఆ తర్వాత డాక్టరుకు చూపించాలన్నప్పుడల్లా గల్లీలో మగవాళ్లు వచ్చి ఆమెను కుర్చీతో సహా ఎత్తేవాళ్లు. వాళ్ల తలుపు ముందు మూడు రాతిమెట్లు, వాటి కింద గట్టర్, మురుగుకాలువ. ఒకరోజు గడప దాటించేటప్పుడు ఎదురింటి అంబాదాస్, “కాళ్ల దిక్కు ముందు తీయొద్దు, తలకాయ దిక్కు తీయిండ్రి,” అని ఒకటే గోల. కాళ్లు ముందుగా బయటికి వెళ్లేది శవం గదా. ఆ గుమ్మంలోనే ఆమెను అటూ ఇటూ తిప్పారు. ఎవరి చేయి ఎక్కడ పడుతుందో తెలియదు, చీర సర్దుకునే సందు లేదు. ఆమె కళ్లు గట్టిగా మూసుకుని ఉండడం నేను చూశాను. అంబాదాస్ చెడ్డవాడు కాదు. కానీ ఆ రోజు ఆ మనిషిని ఒక్కటి పీకాలనిపించింది నాకు.

ఇంటికి వచ్చాక ఆమె నర్సప్ప బావతో ఒకే మాట అంది.

“నలుగురు నన్ను మోసేది ఒక్కసారే ఉంటది. అది అప్పుడే మోయిండ్రి. ఇగ నేను బైటికి రాను.”

అన్నట్టే రాలేదు. బీడీలు ఇంట్లోనే చుట్టేది, నేను కార్ఖానాలో ఇచ్చి వచ్చేదాన్ని. రాఖీ పున్నమికి మార్కండేయుడి రథం వీధిలో పోతుంటే గల్లీ అంతా ఖాళీ అయ్యేది. ఆమె తలుపు వెనక కూర్చుని డోళ్ల చప్పుడు వినేది. తిరిగొచ్చి ప్రసాదం ఇస్తే, “ఈసారి డోలు కొట్టెటోడు కొత్తోడా? చెయ్యి నిలువలే,” అనేది. నవ్వుతూనే అనేది. నేను మా ఇంట్లోకి వచ్చి ఏడ్చేదాన్ని.

ఎవరో దాతలు శిబిరం పెడితే నర్సప్ప బావ పేరు రాయించి చక్రాల కుర్చీ తెచ్చాడు. గల్లీలో గట్టర్ గుంతల మీద కొత్తది పాడవుతుందని నెత్తిన పెట్టుకుని వచ్చాడు. చంద్రభాగక్క చేతులు బీడీ చుట్టిన చేతులు. నాలుగు రోజుల్లో చక్రాలు మాట వినడం నేర్చుకున్నాయి. కానీ ఎక్కడికి పోతుంది? ముందుగదిలో సగం గుంటమగ్గమే. మనిషి కాళ్లు దించి కూర్చునే ఆ గుంతకూ గోడకూ మధ్య ఉన్న సందులో ముందుకు పోవడం, వెనక్కి రావడం. తిరగాలంటే ఆమె అత్త యమునాబాయి తన కాళ్లు ముడుచుకుని మూల కూర్చోవాలి.

“ఈ గోడకాడికెల్లి ఆ గోడకాడికి పోయెటందుకా నాకు గాడీ?” అందామె ఒకరోజు. “నా అంతట నేను గల్లీల దిగుత. ఎవ్వరు చెయ్యి పెట్టద్దు. గట్ల ఏమన్న ఉంటె చెయ్యిండ్రి, లేకుంటె ఈ గాడీ వాపస్ ఇయ్యిండ్రి.”

నర్సప్ప బావ మాట్లాడే మనిషి కాదు, చేసే మనిషి. తాపీపని రాజారాంను పిలుచుకొచ్చాడు. మెట్లు కప్పేసి ఉతారు కట్టాలి, అంటే చక్రం ఎక్కిదిగే ఏటవాలు. నేరుగా కడితే గట్టర్ దాటి ఎదురింటి తలుపులో దూరుతుంది. అందుకని గుమ్మం ముందు గాడీ తిరిగేటంత చదునూ, అక్కడినుంచి గోడ వెంట మా ఇంటివైపు వాలూ కట్టాలన్నాడు రాజారాం. గోడ వెంట అంటే సరిగ్గా నేను బట్టలుతికే బండ మీద.

“నా బండ కదిలించినోని చేతులు ఇరుస్త,” అన్నాను.

“వైనీ, బండ కావాల్నా, మీ అక్క బైటికి రావాల్నా?” అన్నాడు రాజారాం. వైనీ అంటే మరాఠీలో వదిన.

బండ ఎత్తి ఇంటి వెనక వేయించాను. అక్కడ ఎండ రాదు, నీళ్లు పోవు. ఇప్పటికీ బట్టలు వాసన వస్తాయి. రాజారాంకు అది చెప్పలేదు, చెబితే మురిసిపోతాడు.

నర్సప్ప బావ కొలత పెట్టడం చూడాలి. టేపు లేదు, కర్ర లేదు. పడుగులోంచి ఒక పొడుగు దారం తెంపి గడపకు కట్టి బయటికి లాగాడు. గడప అంటే లక్ష్మి, మేకు కొట్టకూడదు. అందుకని పైనుంచి చుట్టి ముడి వేశాడు. రాజారాం నీళ్ల గొట్టం పట్టి మట్టం చూశాడు. దారం బిగుతు చూసుకుని నేతగాడు, “బరాబర్ ఉన్నది,” అంటే బరాబరే అనుకున్నాం. రాళ్లు పడ్డాయి, సిమెంటు పడింది. జారకుండా తడిమీద కొబ్బరితాడు అద్ది గీతలు పెట్టారు. గల్లీలో అందరూ వచ్చి ఒక్కో సలహా పారేసి పోయారు. ఏ పనీ లేనివాడికి సలహాలకేం కరువు.

గట్టిపడ్డాక పరీక్షకు గాడీని వీధిలోకి దించి నన్ను కూర్చోబెట్టారు. నర్సప్ప బావ తోస్తుంటే గోడ వెంట పైకి వెళ్లాను. నెత్తిమీద కొంగు కప్పుకుని పెళ్లికూతురిలా కూర్చున్నానని అంబాదాస్ ఇప్పటికీ అంటాడు. గుమ్మం ముందు చదును మీద ఆపారు. లోపలికి తోయలేదు, ఖాళీ గాడీని ఎత్తి లోపల పెట్టారు. గడప ముందుగా చంద్రభాగక్కే దాటాలని మా అందరి మాట.

మర్నాడు యమునాబాయి పెద్దమ్మ ఉతారుకు పసుపూ కుంకుమా పెట్టి కొబ్బరికాయ కొట్టింది. చంద్రభాగక్క ఆకుపచ్చ గాజులు వేసుకుంది, తలలో పూలు పెట్టుకుంది. లోపలినుంచి చక్రాలు తిప్పుకుంటూ వచ్చింది. గడప దగ్గర ముందు చక్రాలు టక్కున తగిలి ఆగాయి. ఆమె వెనక్కి తీసి మళ్లీ వచ్చింది. మళ్లీ ఆగాయి.

అప్పుడు గానీ మాకు కనపడలేదు. గడప లోపలి నేలకంటే బెత్తెడు ఎత్తు. దారం గడప పైనుంచి కట్టారు గనుక బయట ఉతారు గడప పైఅంచుకు సమంగా వచ్చింది. బయటినుంచి చూస్తే అద్దంలా ఉంది. లోపలినుంచి చూస్తే గోడ. పుట్టినప్పటినుంచి గడపను దాటడమే గానీ దాని మీద కాలు పెట్టి ఎరగం మేము. అది ఒక ఎత్తని, అడ్డమని ఎవరి బుర్రకు తడుతుంది? గాడీ బయటినుంచి లోపలికి దిగగలదు. లోపలినుంచి బయటికి పోలేదు.

“జరా ముంగట లేపితె అయిపోతది,” అని అంబాదాస్ చేయి చాచాడు.

“ముట్టకు,” అంది చంద్రభాగక్క.

గాడీ వెనక్కి తీసుకుంది. తలలో పూలు తీసి మగ్గం మీద పెట్టింది. పడిన రోజు కూడా ఏడవని మనిషి ఆ రోజు మా అందరి ముందే ఏడ్చింది. నర్సప్ప బావ దారం ముడి ఉన్నచోటు చూస్తూ నిలబడిపోయాడు.

లోపల ఒక చెక్క ఏటవాలుగా వేద్దామంటే చోటేదీ? గడపకూ మగ్గం గుంతకూ మధ్య గాడీ పట్టేటంతే ఉంది. కొంచెం వెనక్కి జారితే నేరుగా గుంతలోకే. గడప పీకేయాలి, మరో దారి లేదన్నాడు రాజారాం.

“నా శవం దాటినంక పీకుండ్రి,” అంది యమునాబాయి పెద్దమ్మ. “గడప లేని ఇల్లు ఇల్లా, ధర్మశాలనా? లక్ష్మి నిలుస్తదా? నా పెనిమిటి తన చేత్తో నిలవెట్టిన గడప ఇది.”

నాకు ఆగలేదు. “పెద్దమ్మా, ఇంటి కోడలు లక్ష్మి కాదా? ఆమె లోపట మురుగుతున్నది, కనవడత లేదా?” అన్నాను.

“నీ ఇంటి గడప పీక్కో పో,” అందామె.

పెద్దమ్మకూ నాకూ మాటలు ఆగిపోయాయి. చంద్రభాగక్క అయినా గట్టిగా అడుగుతుందనుకున్నాను. అడగలేదు. “అత్తమ్మను ఏడిపిచ్చి నేను గడప దాటను కమలా. ఇడిశిపెట్టు,” అంది. రోజూ పొద్దున్నే నేలమీద చేతులతో జరుగుతూ వచ్చి ఆ గడప కడిగేదీ, పసుపు రాసేదీ ఆమే. తనను ఆపిన దానికే పసుపు రాస్తుంటే చూడలేక నేను తలుపు వేసుకునేదాన్ని.

ఇక ఆ ఉతారు గతి చెప్పాలి. పిల్లలు దానిమీద జారారు. మేకలు పడుకున్నాయి. ఎండ బాగా తగులుతుందని యమునాబాయి పెద్దమ్మ ఎర్ర మిరపకాయలు ఆరబోసింది. నా బండ పెరికి కట్టిన ఉతారు మీద మిరపకాయలు!

ఆ ఏడాదే గణపతి నిమజ్జనమైన తెల్లవారి కిల్లారి దిక్కు భూమి కదిలింది. మా గల్లీలో గిన్నెలు రాలాయి, గోడలు బీటలిచ్చాయి. మేము లేచి ఏమైందో తెలుసుకునేలోపే ఆగిపోయింది. పేపర్లలో అక్కడ కూలిన ఊళ్ల ఫోటోలు వచ్చాక భయం పట్టుకుంది. జనం వీధుల్లోనే వంట, వీధుల్లోనే పడక. చంద్రభాగక్క ఇంట్లోనే ఉంది. నర్సప్ప బావ ఆమెను వదిలి రాలేదు. పెద్దమ్మ కూడా రాలేదు. “పోతె ముగ్గురం పోతం. నా కోడల్ని ఇడిశి నేను గడప దాటను,” అని గల్లీ అంతా వినేలా చెప్పింది. నిజం చెప్పొద్దూ, ఆ మాటకు నా కోపం సగం దిగింది.

ఒక మధ్యాహ్నం నర్సప్ప బావ నూలు కోసం వెళ్లాడు. నేను మా తలుపు దగ్గర బీడీలు చుడుతున్నాను. ఉన్నట్టుండి ఎవరింట్లోనో పళ్లేలు గలగలమన్నాయి. భూమి కదిలిందో, మా భయమే కదిలిందో, ఇప్పటికీ తెలియదు. “ఆలా, ఆలా,” అని ఎవరో మరాఠీలో అరిచారు, వచ్చింది వచ్చింది అని. అందరం వీధిలోకి ఉరికాం. చాటలో తంబాకు గాలికి పోయింది. చూస్తే మా మధ్యలో యమునాబాయి పెద్దమ్మ ఉంది, నెత్తిమీద కొంగు లేకుండా, ఒగరుస్తూ.

ఏమీ జరగలేదు. ఒక పెంకు కూడా రాలలేదు. ఒక్కొక్కరం ఊపిరి పీల్చుకుని నవ్వడం మొదలుపెట్టాం. అప్పుడు తలుపు వైపు చూశాం. గడపకు అటువైపు, గాడీలో చంద్రభాగక్క. రెండు చేతులతో దర్వాజా పట్టుకుని ఉంది. చక్రాలు గడపకు ఆనించి ఉన్నాయి.

“అత్తమ్మా, దెబ్బ తగలలేదు గదా?” అని అడిగింది.

పెద్దమ్మ తన పాదం చూసుకుంటోంది. అరికాలంతా పసుపు. పొద్దున కోడలు గడపకు రాసిన పసుపు. ఆమె వెళ్లి ఉతారు మీద, ఆ మిరపకాయల మీదే కూలబడింది.

“గడప తొక్కిన,” అంది. “అరవై ఏండ్లల్ల ఎవ్వరిని తొక్కనియ్యలే. పానం మీదికొస్తె నేనే తొక్కి ఉరికిన. కోడలు లోపటనే ఉన్నదన్న సోయి గూడ లేకపాయె నాకు.”

ఆగిన మాటల సంగతి మరిచి పక్కన కూర్చుని ఆమె చేయి పట్టుకున్నాను.

“రాజారాంను పిలువు కమలా,” అంది. “గడప పీకద్దని చెప్పు. దించుమను.”

మర్నాడు రాజారాం వచ్చాడు. గడపకూ దర్వాజాకూ మధ్య జోడింపు కోసి, కింద తవ్వాడు. ఎప్పుడో గృహప్రవేశానికి పెట్టిన రాగిబిళ్ల మట్టిలో దొరికితే పెద్దమ్మ దాన్ని కళ్లకద్దుకుని ఇంకా లోతున పెట్టించింది. గడపను నేలకు సమంగా దించారు. బయట చదును మీద బెత్తెడు సిమెంటు గునపంతో కొట్టి తీసి, వాలును మళ్లీ సరిచేశారు. తలుపు కింద సందు మిగిలితే నర్సప్ప బావ పాత చద్దరు ముక్క మడిచి చెక్కతో కలిపి తలుపుకు బిగించాడు. ఈసారి దారం కట్టబోతే అందరం ఒక్కసారే, “కింద కట్టు,” అన్నాం. ఆయన నవ్వాడు. చాలా నెలల తర్వాత నవ్వాడు.

చంద్రభాగక్కకు ఇంకా అనుమానమే. “చక్రం లక్ష్మి మీదికెల్లి పోతది గదా అత్తమ్మా?”

“నీ కాలు తగుల్తదా?” అంది పెద్దమ్మ. “నీ కాళ్లు గాడీ మీదనే ఉంటయి. తొక్కేది మేము. నువ్వు తొక్కుతలేవు. పో.”

సిమెంటు ఎండిన రోజు కొబ్బరికాయలు లేవు, పూలు లేవు. సాయంత్రం ఎండ గోడ మీద ఉన్నప్పుడు చంద్రభాగక్క గాడీ తిప్పుకుంటూ వచ్చింది. గడప మీద చక్రాలు చప్పుడు లేకుండా దొర్లాయి. చదును మీద తిరిగింది, చక్రాలను అరచేతులతో పట్టి పట్టి వదులుతూ ఉతారు దిగింది. గల్లీ నేల మీద ఆగి తలెత్తి ఆకాశం చూసింది. నేను పక్కకు చేరాను.

“నువ్వు రాకు,” అంది. “ఎవ్వరు రాకుండ్రి.”

గల్లీ మూల తిరిగి కనపడకుండా పోయింది.

దీపాలు పెట్టే వేళయింది. ఆమె రాలేదు. నర్సప్ప బావ మూల దాకా వెళ్లి చూసి వచ్చాడు. మళ్లీ వెళ్లాడు. యమునాబాయి పెద్దమ్మ గుమ్మం ముందు చదును మీద కూర్చుని, “కార్ఖానా బందు, దుకాణం బందు, ఎక్కడికి పోయినట్టు? గట్టర్ల పడ్డదో ఏమో. గడప దించుడు నాదే తప్పు,” అని గొణుగుతోంది. నేను తిట్టాలనుకున్నాను, కానీ నాకూ లోపల భయంగానే ఉంది.

చీకటి పడుతుండగా చక్రాల చప్పుడు వినిపించింది. చంద్రభాగక్క మొహం దుమ్ము కొట్టుకుని ఉంది, అరచేతులు ఎర్రగా కందిపోయాయి. ఉతారు కింద ఆగి మమ్మల్నందరినీ చూసింది.

“ఎక్కడికి పోయినవ్?” అంది పెద్దమ్మ.

“కొంతం చౌక్ దాక.”

“ఆడ ఎవలున్నరు?”

“ఎవ్వలు లేరు.”

“మరి ఏం పని వడ్డది?”

“ఏం పని లేదు అత్తమ్మా. ఊరికెనే పోయిన. బస్సులు పోతుంటె చూసుకుంట ఉన్న. చూసుడు అయినంక వచ్చిన.”

పెద్దమ్మ ఇక తిడుతుందని నేను అనుకున్నాను. ఆమె లేచి, గోడ పట్టుకుని ఉతారు మీద మెల్లగా కిందికి దిగి, గాడీ వెనక పిడి మీద చేయి వేసింది.

“పెండ్లయి ఈ ఇంటికి వచ్చిన కాన్నుంచి నేను ఊరికె ఎటు పోలేదే చంద్రభాగా,” అంది. “రేపు పోయెటప్పుడు నన్ను గూడ తీస్కపో.”